నాయిన సోలిన ఎండాకాలం

మొన్న సాయంత్రం మా చెల్లెలి బిడ్డ మొదటిసారి బొగ్గుబావిలోకి దిగి ఇంటికి వచ్చింది. చదువు పూర్తి చేసి కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల. బావికి దగ్గరని నా ఇంట్లోనే ఉంటోంది. వాకిట్లో బూట్లు విప్పడానికి వంగి, ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగి, దర్వాజ పట్టుకుంది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆమె బట్టల్లోంచి తడి బొగ్గు వాసన వంటింటి దాకా వచ్చింది.

నేను చాయ్ వడబోస్తూ, అయ్యో పిల్ల సోలుతోంది అనుకున్నాను. వెళ్లి పట్టుకునేలోపే సర్దుకుని గడప మీద కూర్చుంది. అక్కడే వరండాలో నవారు మంచం మీద మా నాయిన ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, ఒక చెవి వినపడదు. ఆయన కూడా పిల్లను కన్నార్పకుండా చూస్తున్నాడు.

ఉద్యోగం చేసినన్నాళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని నేను. సోలడం అన్న మాటకు అర్థం ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. అయినా ఆ మాట తలుచుకుంటే నాకు కావ్యాలు గుర్తుకు రావు. ఒక తువ్వాల గుర్తుకొస్తుంది, కల్లు వాసన కొట్టే తువ్వాల.

గోదావరిఖనిలో అప్పుడు మా కాలనీ అంటే ఒకే తీరుగా వరసగా కట్టిన ఇళ్లు. ముందొక గది, వెనకొక గది, పెరట్లో బొగ్గు కుప్ప. పొద్దు వాలగానే ఇంటింటా బొగ్గు పొయ్యిలు వాకిట్లోకి వచ్చేవి. ఆ పొగ కాలనీ మీద దుప్పటిలా పరుచుకునేది. మాకు పొగ అంటే అన్నం వండుతున్నారని అర్థం, అందుకే ఎవరం ముక్కు మూసుకునేవాళ్లం కాదు. ఇప్పటికీ ఎక్కడన్నా బొగ్గు పొగ వాసన వస్తే నాకు ఆకలవుతుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మా ఆటల్లో పెద్ద ఆట తిరగడం. ఇద్దరు ఆడపిల్లలం చేతులు అడ్డంగా పట్టుకుని, కాళ్లు దగ్గర పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరిగేవాళ్లం. జడలు గాలిలో లేచేవి. ఇక ఆగలేమనుకున్నప్పుడు చేతులు వదిలేసి మట్టిలో వెల్లకిలా పడేవాళ్లం. అప్పుడు ఆకాశం తిరిగేది. దూరాన రామగుండం కరెంటు కేంద్రం పొగగొట్టాలు మా చుట్టూ నడిచి వస్తున్నట్టుండేవి. ముందు లేచి నిలబడ్డవాళ్లు గెలిచినట్టు. గెలవడం మీద నాకు ఆశ ఉండేది కాదు, ఆ తిరుగుడే నాకు కావాలి.

"ఓ పొల్లా, మెదడు చిలికిన సల్ల అయితది! ఎన్ని తీర్ల చెప్పాలె మీకు?" అని అరిచేది అవ్వ, అంటే మా నాయిన తల్లి. అరుస్తూనే లోపలికి వెళ్లి చింతపండులో ఉప్పు, జీలకర్ర వేసి నూరి ఉండ చేసి తెచ్చేది. తల తిరుగుడుకు అదే ఆవిడ వైద్యం. తలనొప్పికి ఆముదం, జ్వరానికి మిరియాల చారు, మిగతా అన్నిటికీ ఉల్లిగడ్డ. మేము తిరిగేది ఆ చింతపండు ఉండ కోసం కూడానని అవ్వకు తెలియదని మా నమ్మకం. తెలిసే ఉంటుంది, ఉండలు ముందే చేసి పెట్టుకునేది కదా.

మా నాయినది బావిలో బొగ్గు ఎత్తి, పట్టాల మీద నడిచే టబ్బులు నింపే పని. మంచి మనిషే కానీ నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు కల్లు తాగేవాడు. డ్యూటీ దిగి నలుగురితో కల్లు మండువలో కూర్చుని, చీకటి పడ్డాక తూలుతూ వచ్చేవాడు. వస్తూ వస్తూ పక్కింటి మేకను కూడా "బాగున్నవా అక్కా" అని పలకరించేవాడు. అమ్మ నిలదీస్తే మాత్రం అస్సలు ఒప్పుకునేవాడు కాదు.

"నీళ్ల సుక్క గూడ ముట్టలే. నీ మీదొట్టు."

"నీళ్లెందుకు ముడ్తవు? నువ్వు ముట్టింది నాకు దెలుసు" అనేది అమ్మ.

ఒక జాతరలో అమ్మ పట్టుబట్టి ఆయన చేత మానిపించింది. అమ్మ మీద ఒట్లు చెల్లవని తేలిపోయింది కనుక నన్ను ముందుకు తోసి, "పెద్దపిల్ల తల మీద చెయ్యి వెట్టి చెప్పు" అంది. నాయిన చెయ్యి పెట్టాడు. బొగ్గు గరుకు ఉన్న బరువైన చెయ్యి. "ముట్ట" అన్నాడు. అంతే, మానేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. డ్యూటీ దిగి స్నానం చేసి, కంపెనీ ఇచ్చే సబ్బు వాసనతో వాకిట్లోకి వచ్చేవాడు. కాగితంలో మిరపకాయ బజ్జీలు ఉండేవి. నన్నో చేత్తో, చెల్లెల్నో చేత్తో పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. పిల్లలతో తిరగడం వేరు, నాయిన తిప్పడం వేరు. ఆయన తిప్పితే కాళ్లు నేల మీద ఉండేవి కావు.

ఆ ఎండాకాలం ఇదంతా తలకిందులైంది. ఒంటిపూట బడులు మొదలైన రోజులు. నాయినది మొదటి షిఫ్టు, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరేవాడు. ఒక రోజు గల్లీ మలుపులో ఆయన గోడ పట్టుకుని నడవడం చూశాను. దగ్గరికి వచ్చేసరికి కల్లు వాసన గుప్పుమంది. తిప్పమని చేతులు చాచిన చెల్లెల్ని, "ఇయ్యాల వద్దు బిడ్డా" అని తప్పించుకుని మంచం ఎక్కాడు.

అమ్మ గుమ్మంలోనే నిలబడి, "తాగినవా?" అంది.

"తాగిన" అన్నాడు నాయిన.

అమ్మ కొట్లాటకు సిద్ధమై ఉంది. ఎదుటివాడు అంత సులభంగా ఒప్పుకుంటే ఎలా కొట్లాడాలో తెలియక అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు అదే వరస. తూలుతూ రావడం, అడగ్గానే ఒప్పుకోవడం, ఒక పక్కకు ఒత్తిగిలి కళ్లు మూసుకోవడం.

నా బాధ వేరు. ఒట్టు నా తల మీద ఉంది. ఒట్టు తప్పితే తల పగులుతుందన్నది కాలనీలో చిన్నాపెద్దా అందరూ చెప్పే మాటే. రోజూ లేవగానే తల తడుముకునేదాన్ని. రిబ్బన్లు గట్టిగా బిగించి కట్టమని అమ్మను సతాయించేదాన్ని, పగిలితే ముక్కలు చెదిరిపోకుండా. అవ్వతో మాడు మీద ఆముదం రెండింతలు పెట్టించుకునేదాన్ని. తిరిగే ఆట మానేశాను. అయినా నడుస్తుంటే తల తిరుగుతున్నట్టే ఉండేది. భయపడితే కూడా తల తిరుగుతుందని అప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం అమ్మ రేకు పెట్టె దించి మా గౌన్లు అందులో సర్దడం మొదలుపెట్టింది. ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "రేపొక్కనాడు సూస్త. రేపు గిట్లనే తూలుకుంట వస్తే, పిల్లలను దీస్కొని కమాన్‌పూర్ పోత. మళ్ల రాను." కమాన్‌పూర్ అమ్మ పుట్టిల్లు. అమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. మంచం మీద నాయిన అటువైపు తిరిగి పడుకున్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు చెల్లెలు కావాలి, అమ్మ కావాలి, అవ్వ కావాలి, ఒట్టు తప్పినా సరే నాయిన కూడా కావాలి. అందరూ ఒకే ఇంట్లో కావాలి.

తెల్లారి బడికి వెళ్లాను. మా తెలుగు సారు వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఆయన. మాట్లాడితే పుస్తకం చదివినట్టుండేది, మేము వెనకాల అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఆ రోజు పద్యంలో సోలడం అన్న మాట వచ్చింది. సారు చాక్‌పీసు పక్కన పెట్టి, తానే కొంచెం ఒరిగి చూపించాడు. 

"సోలడమంటే ఒళ్లు తన వశంలో లేక ఒరిగిపోవడం. కావ్యంలో నాయిక ప్రియుణ్ణి చూసి సోలుతుంది. వీరుడు గాయపడి సోలుతాడు. నిద్రకు పసిబిడ్డ కళ్లు సోలుతాయి, ఎండకు తీగ సోలుతుంది. ఒకటి గమనించండి. మంచి కవి ఉత్తినే సోలింది అని వదిలెయ్యడు. దేనికి సోలిందో ముందో వెనకో చెబుతాడు. అది వెతికితేనే పద్యం అర్థమవుతుంది. ఏదీ, ఎవరన్నా సొంత వాక్యం చెప్పండి."

నా పక్క బెంచీ పిల్ల లేచింది. మా గల్లీలోనే ఉంటుంది. నా వైపు వేలు చూపించి, "వీళ్ల నాయిన రోజు తూలుకుంట వస్తడు సార్" అంది.

తరగతంతా గొల్లుమంది. నాకు నేల చీలి బొగ్గుబావిలో పడిపోతే బాగుండుననిపించింది. సారు నవ్వలేదు.

"తూలడం, సోలడం చుట్టాలే. పనికొస్తుంది. మరి దేనికి తూలాడు?"

"తాగి సార్."

"తాగడం నువ్వు చూశావా?"

"లేదు సార్. తూలుడే సూసిన."

"అయితే నీ వాక్యం సగమే అయింది. కూర్చో" అన్నాడు సారు, మళ్లీ చాక్‌పీసు అందుకున్నాడు.

దాన్ని కూర్చోబెట్టినందుకు మొదట సంతోషించాను. తర్వాత ఆలోచన పట్టుకుంది. నేను మాత్రం ఏం చూశాను? నేనూ తూలడమే చూశాను. అంతలో ఆ పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. తెల్లవారుజామున డ్యూటీకి లేస్తూ నాయిన మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. లేచి నిలబడ్డప్పుడు ఒరిగాడు. అంత పొద్దున కల్లు ఎక్కడిది? బడి వదిలేదాకా నా బుర్రలో ఇదే తిరిగింది.

మధ్యాహ్నం ఎండ పెనంలా కాలుతోంది. అమ్మ పెట్టె మీద కూర్చుని గల్లీ వైపు చూస్తోంది. మాకిద్దరికీ తలలు దువ్వి, మంచి గౌన్లు తొడిగింది. నాయిన వచ్చాడు. మలుపు దగ్గర ఆగాడు, గోడ పట్టుకున్నాడు, తూలుతూనే వచ్చాడు. వచ్చి మంచం మీద కూలబడ్డాడు. అమ్మ లేచి పెట్టె చేతికి తీసుకుంది.

రోజూ నాయిన బూట్ల తాళ్లు విప్పేది నేనే. ఆ రోజు కూడా పరుగెత్తుకెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. తాళ్లు విప్పి, ఆయన మొహం దగ్గరికి నా మొహం పెట్టాను. పొగాకు వాసన, చెమట వాసన, బొగ్గు వాసన. కల్లు వాసన నోట్లోంచి రావడం లేదు. మెడ చుట్టూ ఉన్న తువ్వాల వాసన చూస్తే ముక్కు అదిరిపోయింది.

"అమ్మా! నాయిన తాగలేదే, తువ్వాల తాగింది!" అని అరిచాను.

అమ్మ గడప మీదే ఆగింది. పెట్టె దించింది. వచ్చి తువ్వాల లాగి వాసన చూసి పక్కన పడేసి, నాయిన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"ఊదు."

"ఊకోవే, పిల్లల ముంగట…"

"ఊదమన్ననా లేదా?"

నాయిన ఊదాడు. అమ్మ మంచం మీద కూలబడింది. "తాగిన దినాలల్ల ఒక్కనాడు గూడ తాగిన్నని ఒప్పుకోలే ఈ మనిషి. ఇప్పుడు అడుగుడే ఆలస్యం, తాగిన అంటుండు. నాకు అప్పుడే అనుమానం రాకపాయె. ఏమైంది నీకు?"

నాయిన మంచం పట్టె రెండు చేతులా పట్టుకున్నాడు. "చక్కరొస్తుందే. తల తిప్పితే భూమి పక్కకు జరిగినట్టైతది. కడుపుల తిప్పుతది. బాయిల ఎట్లనో పట్టుకుంట చేస్తున్న. పైకి వచ్చినంక ఎవలన్న సూస్తరని… మండువ కాడ కొంచెం కల్లు తువ్వాల మీద పోసుకుంటున్న."

"నీకేం పొయ్యేకాలమయ్యా! దవాఖానకు పోవాల్నని తెల్వదా?"

"తాగినోడంటె నలుగురు నవ్వి ఊకుంటరు. చక్కరొచ్చినోణ్ణి దవాఖానకు తోల్తరు. డాక్టర్ అన్‌ఫిట్ అని రాస్తడు." నాయిన ఏడ్చేశాడు. "కొడుకుంటే ఫికర్ లేకుండె, నా నౌకరి వానికిస్తుండిరి. నాకు ఇద్దరు బిడ్డలు. ఎవలకిస్తరు? ఇల్లు ఖాళీ చెయ్యమంటరు. బడి పోతది. యాడికి పోదమే మనం?"

అప్పుడు ఆడపిల్లలకు బావిలో ఉద్యోగం అన్న మాటే లేదు. అమ్మ కళ్లు తుడుచుకుని, గొంతు పెంచింది.

"బాయిల చక్కరొచ్చి టబ్బుల కింద పడితె నౌకరి ఉంటదా? నీ ఎనుక పనిచేసెటోని పానం గూడ నీ ఇష్టమేనా? కమాన్‌పూర్‌ల మట్టి పిసుకుతనన్న బతుకుత గని, నిన్ను గిట్ల బాయిలకు తోలి నేను ఇంట్ల అన్నం తినలేను. రేపు పొద్దున దవాఖానకు పోదం. పోవాలె."

అవ్వ అప్పటికే ఉల్లిగడ్డ చితక్కొట్టి నాయిన ముక్కు దగ్గర పెట్టింది. పెట్టెలో గౌన్లు మళ్లీ దండెం ఎక్కాయి. నేను రిబ్బన్లు విప్పేశాను. ఒట్టు తప్పలేదు, నా తలకేం భయం లేదు. ఆ సంతోషం కాసేపే ఉంది. డాక్టర్ ఏం రాస్తాడో అన్న భయం ఇప్పుడు ఇంటిల్లిపాదికీ పట్టుకుంది.

దవాఖానలో ఫినాయిల్ వాసన. నన్ను కూడా తీసుకెళ్లారు, నేను వదల్లేదు కనుక. డాక్టర్ నాయినను కళ్లు మూసుకుని నడవమన్నాడు. నాయిన రెండడుగులు వేసి ఒరిగాడు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నా మణికట్టుకు గుచ్చుకున్నాయి. డాక్టర్ చిన్న లైటు పెట్టి చెవులు చూశాడు. ఒక చెవి దగ్గర ఆగి, చాలాసేపు చూశాడు.

"ఈ చెవిలో నొప్పి ఉందా?"

"ఉంటది సారు. చీము గూడ వస్తది. గదేం పెద్దదని…"

"జబ్బు తలలో లేదు. ఈ చెవిలో ఉంది. అది లోపలికి పాకి ఇలా తిప్పుతోంది."

అమ్మ ఇక ఆగలేకపోయింది. "అన్‌ఫిట్ రాస్తరా సారూ?"

"చెవికి మందు రాస్తానమ్మా. తగ్గేదాకా బావి దిగొద్దు, పైన ఏదో పని ఇస్తారు. వినికిడి మాత్రం కొంత పోవచ్చు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేది."

అమ్మ ఆయనకు దండం పెట్టింది. బయటికి వచ్చాక దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాయిన ఏం చెయ్యాలో తెలియక ఆమె పక్కన కూర్చున్నాడు. "మిరపకాయ బజ్జీలు తిందమా?" అన్నాడు. ఏడుస్తూనే అమ్మకు నవ్వొచ్చింది. ఎండలో, మెట్ల మీద, ముగ్గురం కాగితం పరుచుకుని తిన్నాం. అంత రుచిగల బజ్జీలు మళ్లీ ఎక్కడా తినలేదు.

నాయినకు పైన లైట్లు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. బావిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు అందించడం, వచ్చినవి తీసుకోవడం. అమ్మ పూటపూటా చెవిలో మందు పోసి, దూది పెట్టేది. తూలడం మెల్లగా తగ్గింది. ఆ చెవికి వినికిడి పోయింది. "నా తిట్లన్నీ ఆ చెవి పక్కకే పోతయి" అని అమ్మ బతికి ఉన్నన్నాళ్లు అనేది.

తొలకరి పడిన సాయంత్రం నాయిన వాకిట్లోకి వచ్చి మమ్మల్ని పిలిచాడు. చెరో చెయ్యి అందుకున్నాడు. మొదట మెల్లగా, మేమే ఆయన్ని నడిపిస్తున్నట్టు తిరిగాడు. తర్వాత కొంచెం జోరు పెంచాడు. నా కాళ్లు నేల వదిలాయి. తడి మట్టి, పొయ్యి పొగ, పొగగొట్టాలు, గుమ్మంలో నిలబడ్డ అమ్మ, అవ్వ, అందరూ నా చుట్టూ తిరిగారు. ఆగాక మేమిద్దరం బురదలో పడ్డాం. నాయిన మాత్రం నిటారుగా నిలబడ్డాడు. అమ్మ ఆయన కాళ్ల వైపే చూసింది. అవి కదల్లేదు.

"ఇగ సాలు, పిల్లలకు చక్కరొస్తది" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది. ఆ నెలలోనే నాయిన మళ్లీ బావి దిగాడు.

నేను తెలుగు టీచరయ్యాక ఆ మాట వచ్చినప్పుడల్లా పిల్లలకు సారు చెప్పిందే చెప్పాను. ఎవరన్నా సోలితే దేనికో వెతకండి అన్నాను. కల్లు తువ్వాల సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అది మా ఇంటిది.

మొన్న సాయంత్రం పిల్ల గడప మీద కూర్చుంటే నేను చాయ్ తెచ్చి చేతికిచ్చాను. నేను అడిగేలోపే నాయిన మంచం మీంచి కాళ్లు కిందికి దించాడు.

"చక్కరొచ్చిందా బిడ్డా?"

పిల్ల లేచి ఆయనకు వినపడే చెవి వైపు వెళ్లి కూర్చుంది. "వచ్చింది తాతా. కిందికి దిగంగనే ఒకపారి. ఇప్పుడు జర ఉంది."

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్పిన. అప్పుడే చెప్పిన. కూసోబెట్టి నీళ్లు తాపిండ్రు. కొత్తల చానామందికి అయితదట. రేపు దవాఖానల సూపెట్టుకొని డ్యూటీకి రమ్మన్నరు."

"రమ్మన్నరా?"

"రమ్మనకేం చేస్తరు తాతా? నాతోని పని లేదా వాళ్లకు?" అని నవ్వింది.

నాయిన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. నౌకరి ఎవలకిస్తరు అని ఆ రోజు మంచం మీద కూర్చుని ఏడ్చిన మనిషికి, ఇప్పుడు పక్కనే బొగ్గు మరకల మొహంతో జవాబు కూర్చుంది. 

"మంచిగ చేసినవ్. చెప్పాలె. ఏమున్నా చెప్పాలె" అన్నాడు. భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పిల్ల మొహం తుడుచుకుంది. తుడుచుకున్నాక తువ్వాలను ముక్కుకు ఆనించుకుని, "ఏం సబ్బు తాతా ఇది? మంచిగ వాసనొస్తుంది" అంది.